నల్లమంద

లిన్‌హర్స్ట్ పార్కు,
నార్తాంప్టన్‌షైర్,
అక్టోబరు 1939

థిర్జా అక్కకి,

నీ కీళ్ళనొప్పులు ఎలా ఉన్నాయి? బావ పోయాక ఆ పార్కు కాపలా అంతా నువ్వే నెత్తిన వేసుకున్నావనీ, మీ దొరసాని కాదనలేక సరేనందనీ విన్నాను. ఆడమనిషి దుప్పుల కాపరేంటని ఇక్కడ పబ్బులో నవ్వుకున్నారు. మా అక్క సంగతి మీకు తెలీదు, నాకు కొమ్ముల పేర్లు నేర్పింది నాన్న కాదు, ఆవిడే అన్నాను. దాంతో నోళ్ళు మూశారు.

ఇక్కడ మూలుగులు మొదలయ్యాయి. పెద్ద మగవి ఓక్ చెట్ల కింద దేని గుంట అది తవ్వుకుని, ఆడవి వచ్చేదాకా గొంతు అరిగేలా మూలుగుతున్నాయి. మొన్న జిల్లా వ్యవసాయ కమిటీ నుంచి లుడ్‌గేట్ అని ఒక పెద్దమనిషి వచ్చాడు. "ఇవెందుకు ఇలా గర్జిస్తున్నాయి?" అన్నాడు. గర్జించేవి కొండల్లో ఉండే ఎర్ర దుప్పులు, మావి మూలుగుతాయి అన్నాను. "మగవెన్ని?" అన్నాడు. రెండో ఏటిది ముల్లుకొమ్ము, మూడో ఏటిది మొగ్గకొమ్ము, నాలుగో ఏటిది గరిటెకొమ్ము, బాగా ముదిరింది చేటకొమ్ము, వీటిలో ఏవి కావాలి బాబూ అన్నాను. "అన్నీ కలిపి" అన్నాడు. ముల్లుకొమ్మునీ చేటకొమ్మునీ ఒకే గాట కట్టేవాడికి ఏం చెబుతాం. బూటు మడమతో నేలని రెండుచోట్ల తన్ని చూసి వెళ్ళిపోయాడు. యుద్ధం కదా, పచ్చికబయళ్ళు దున్ని గోధుమ వేయాలట.

నాకేం బెంగ లేదు. దొరగారి తాతల నాటి గోడ ఇది, మన తాతల నాటి మంద. వెన్ను మీద ఒక్క చుక్క లేని నలుపు. దీన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి కాపర్లో వచ్చేవాళ్ళని నీకూ గుర్తుంటుంది. లుడ్‌గేట్‌లాంటి వాళ్ళు వస్తారు, పోతారు.

నీ తమ్ముడు
జాబెజ్

---

కోల్డ్‌కూంబ్ పార్కు,
డోర్సెట్,
నవంబరు 1939

ఒరేయ్ జాబెజ్,

నీ ఉత్తరం చదివాక నాకు అర్థమైంది ఒకటే. నీకు నోరు తగ్గలేదు, బుద్ధి పెరగలేదు. నేలని మడమతో తన్ని చూసినవాడు ఊరికే పోడు. మళ్ళీ వస్తాడు, ఈసారి నాగలి వెంటబెట్టుకుని వస్తాడు. మాకు పది మైళ్ళ అవతల పార్కులోనూ ఇలాగే తన్ని చూశారు. క్రిస్మస్ లోపల మందని ఖాళీ చేయమని కాగితం వచ్చింది. ఆ కాపరి మా వంటింట్లో కూర్చుని టీ చల్లారేదాకా కప్పు తిప్పుతూ ఉండి వెళ్ళాడు.

మాది రాళ్ళగుట్ట. ఇక్కడ నాగలి దిగదు. దుప్పులూ నా మేకలూ తప్ప ఇంకేం బతకవు. అందుకని దొరసానితో మాట్లాడాను. నీ ఆడవాటిలో మంచివి ఓ ఇరవై, రెండు మగవీ పంపు. ఆవిడ ఒప్పుకుంది. జనవరిలో నాన్న చేసినట్టే చెట్ల మధ్య వలలు కట్టి పట్టు. కాళ్ళు కట్టి, గడ్డి పరిచిన పెట్టెల్లో రైలెక్కించు. స్టేషనుకి బండి తెస్తాను.

ఆలోచిస్తాను అని రాయకు. నీ ఆలోచనలు నాకు తెలుసు.

థిర్జా

---

లిన్‌హర్స్ట్ పార్కు,
డిసెంబరు 1939

అక్కా,

నువ్వు అడగకుండానే చెయ్యి చాచావు. మనసు నిండింది. కాకపోతే ఒక చిక్కుంది.

నీ దగ్గరున్నవన్నీ మెనిల్‌లు. పాలిపోయిన ఒళ్ళు, చలికాలమొచ్చినా చెరగని మచ్చలూను. వాటి మీద నాకేం కోపం లేదు, వాటి బతుకు వాటిది. కానీ నా నల్ల ఆడవి నీ మచ్చల మగవాటి మధ్య పడ్డాయనుకో, వచ్చే అక్టోబరుతో మన మంద కథ ముగుస్తుంది. ఆ తరువాత పుట్టేవాటిని ఏమని పిలవాలి? నాన్న దాన్ని చూస్తే ఏమనేవాడు? విడిగా ఒక పొలానికి కంచె వేయించి, వీటిని కలవనివ్వను అని మాటిస్తే జనవరిలోనే వలలు కడతాను. లేకపోతే వద్దు.

బావ ఉన్నప్పుడు కూడా ఇదే అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. నువ్వలా చేయవనుకుంటున్నాను.

దొరగారి ఇల్లు సైన్యానికి ఇచ్చేశారు. హాల్లో బూట్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు.

జాబెజ్

---

కోల్డ్‌కూంబ్,
జనవరి 1940

జాబెజ్,

కంచె కావాలా నాయనా? మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అని నీలాంటి వాళ్ళని చూసే అన్నారు. తీగ ఎక్కడుంది? దేశంలో ఉన్న తీగంతా సైన్యం పట్టుకుపోయింది. మా ఊళ్ళో కోళ్ళగూటికి కట్టుకుందామన్నా మూర ముక్క దొరకడం లేదు.

అవి మచ్చలు కావు, చుక్కలు. మచ్చ అంటే పడింది. చుక్క అంటే పెట్టింది. దుప్పి ఒంటికి ఉన్నన్ని పేర్లు నీకు తెలుసు. ఆ ఒంట్లో ప్రాణమొకటి ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. చుక్కల కూన కూడా తల్లి పొదుగే తాగుతుంది, నల్లకూన లాగే పరిగెడుతుంది.

ఇంకోమాట. నీ నల్ల ఆడవాటిలో ఏదో ఒకటి ప్రతి జూన్‌లోనూ చుక్కల కూనని ఈనుతుంది. నాన్న కాలంలోనూ ఈనేది. తెల్లారేసరికి ఆ కూన ఉండేది కాదు. నేనప్పుడు చిన్నదాన్నే గాని గుడ్డిదాన్ని కాదు. మీ నలుపు అంత నిఖార్సుగా ఎలా నిలిచిందో నాకు చెప్పకు. పంపు. కలిస్తే కలవనీ.

థిర్జా

---

లిన్‌హర్స్ట్,
ఫిబ్రవరి 1940

అక్కకి,

నీ ఆఖరి మాటకి జవాబు రాయను. అది ప్రతి కాపరీ చేసే పనే. తోటమాలి కలుపు తీస్తే ఎవరూ తప్పుపట్టరు.

నీకు శ్రమ లేకుండా వేరే దారి చూశాను. ఉత్తరాన యార్క్‌షైర్‌లో ఒక ప్రభువుగారి పార్కు ఉంది, వాళ్ళదీ నల్లమందే. అక్కడి కాపరికి రాశాను. వాళ్ళు తీసుకుంటే నలుపులో నలుపు కలుస్తుంది, ఏ గొడవా ఉండదు. జవాబు కోసం చూస్తున్నాను. ఈలోగా వలలు దించి ఎలుకలు కొట్టినచోట్ల కుట్టుకుంటున్నాను.

మంచు విపరీతంగా పడింది. చెట్లకి పాకిన ఐవీ తీగలు నరికి మేత వేస్తున్నాను. ఈల వేయగానే అడవంతా కదిలొచ్చినట్టు మంచు మీద నల్లగా పరిగెత్తుకుంటూ వస్తాయి. ఆ దృశ్యం ఒక్కసారి చూస్తే నువ్విలా మాట్లాడవు. నువ్వు పెళ్ళై వెళ్ళి చాలా కాలమైంది. మర్చిపోయావు.

లుడ్‌గేట్ మళ్ళీ వచ్చాడు. కొయ్యమేకులు పాతి, వాటికి ఎర్రగుడ్డ కట్టి వెళ్ళాడు.

జాబెజ్

---

కోల్డ్‌కూంబ్,
ఫిబ్రవరి చివర, 1940

జాబెజ్,

ఈ కోడిగీతలు చూసి నవ్వకు, వేళ్ళు వాచిపోయాయి. పోయిన ఉత్తరంలో నీకొక సంగతి చెప్పలేదు. తిడుతూనే పని మొదలుపెట్టాను. చెప్తే ఎక్కడ కుదరకుండా పోతుందోనని ఊరుకున్నాను.

తీగ లేకపోతేనేం, హేజెల్ తోపు ఉంది. జనవరి నుంచీ రోజూ హేజెల్ బద్దలు చీల్చి తడికలు అల్లుతున్నాను. గొర్రెల దొడ్లకి అల్లేవాటికంటే రెండింతల ఎత్తు, దుప్పి దూకలేనంత. సున్నపురాయి గొయ్యి పక్కనున్న పొలం చుట్టూ నిలబెట్టాను. నిన్నటితో అయిపోయింది. నీ నల్లవి ఒక పక్క, నా చుక్కలవి ఇంకో పక్క. నీ మాటే నెగ్గింది, చాలా? వాటిని చూడ్డానికి నువ్వే వచ్చి ఆ పొలంలో చిన్న గుడిసె వేసుకుని కూర్చో, నేనేం అడ్డుపడను.

ఇక సాకులేం లేవు. యార్క్‌షైర్ దొర సంగతి పక్కన పెట్టి, మార్చి ముదరకముందే పట్టి పంపు. పొట్టలు బరువెక్కాక వలలో పడితే ఈచుకుపోతాయి, కడుపులు నిలవవు, నీకు నేను చెప్పాలా?

థిర్జా

---

లిన్‌హర్స్ట్,
మార్చి చివర, 1940

అక్కా,

నీ ఉత్తరం ఇన్నాళ్ళూ కోటు జేబులో పెట్టుకు తిరిగాను. ఆ చేతులతో తడికలు అల్లావా? బావ ఉంటే నన్ను కొట్టేవాడు.

యార్క్‌షైర్ నుంచి నిన్న జవాబొచ్చింది. వాళ్ళ మందనే ఖాళీ చేయమన్నారట. నా నల్లవాటిని మీరే తీసుకోగలరా అని ఆ కాపరి నన్ను అడిగాడు.

ఆ కబురు కోసం కూర్చోకుండా ఉంటే ఈపాటికి నా ఆడవి నీ తడికల్లో ఉండేవి. ఒప్పుకుంటున్నాను. కానీ ఇప్పుడు ఆలస్యమైపోయింది. డొక్కలు ఉబ్బాయి, నడకలో బరువు తెలుస్తోంది. ఇప్పుడు వల వేస్తే కడుపులు పోతాయి. ఆ తరువాత జూన్ ఎలాగూ మూతనెల. కూనలు పడేటప్పుడు ఫెర్న్ పొదల్లోకి మనిషి అడుగు పెట్టకూడదన్నది నాన్న పెట్టిన నియమం కాదు, రాజుల కాలం నుంచీ ఉన్నది. మూతనెల దాటగానే, జులైలో, తల్లుల్నీ పిల్లల్నీ నేనే వెంటబెట్టుకుని తెస్తాను. లుడ్‌గేట్ కోతల దాకా ఆగుతాడనే అనుకుంటున్నాను. అతను చెడ్డవాడేం కాదు.

తడికలు జాగ్రత్త. గాలికి పడిపోకుండా మోకులు కట్టు.

జాబెజ్

---

కోల్డ్‌కూంబ్,
మే 1940

జాబెజ్,

రేడియో వింటున్నావా? ఇక్కడ సముద్రం వెంట ముళ్ళతీగ పరుస్తున్నారు. ఇప్పుడు కోతల దాకా ఎవడూ ఆగడు. మూతనెలా గీతనెలా అనకుండా రేపే వలలు కట్టు. ఈచుకుపోతే పోనీ. కడుపు పోయినా తల్లి బతుకుతుంది. తల్లి బతికితే వచ్చే ఏడు మళ్ళీ ఈనుతుంది. తల్లే లేకపోతే నీ నియమాన్ని ఎవరికి కాపలా పెడతావు?

తమ్ముడూ, ఇది అక్కగా ఆజ్ఞ అనుకో, బతిమాలడం అనుకో. జవాబు రాస్తూ కూర్చోవద్దు, పెట్టెలు రైలెక్కించి తంతి కొట్టు.

థిర్జా

---

లిన్‌హర్స్ట్,
జులై 1940

అక్కా,

తంతి ఎందుకు రాలేదో ఈపాటికి నీకు అర్థమై ఉంటుంది. నీ మే ఉత్తరం అందింది. వలలు బయటికి తీశాను కూడా. చెట్టుకి మొదటి మోకు కడుతుంటే ఒక ముసలి ఆడది పది గజాల దూరంలో నిలబడి చూస్తోంది. దాని డొక్కలో కూన కదలడం నాకు కనపడింది. వల మళ్ళీ చుట్టేశాను. నేనిక్కడే పుట్టి ఇక్కడే పెరిగినవాణ్ణి, నిండు చూలు మీద వల వేయడం నా చేత కాలేదు.

కూనలు పడటం మొదలైన వారంలో మందని వెంటనే కాల్చి చంపమని కాగితం వచ్చింది. లుడ్‌గేట్ స్వయంగా తెచ్చాడు. మూతనెల అంటే ఏమిటో చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. ఒక్క నెల అడిగాను. "ఫ్రాన్స్ పడిపోయిందండీ, నెల నా చేతిలో లేదు" అన్నాడు. నేను కాల్చకపోతే టౌను నుంచి మనుషుల్ని పంపుతామన్నాడు. వాళ్ళు ఎలా కాలుస్తారో నాకు తెలుసు. పొట్టలో గుండు దిగిన దుప్పి రెండు రోజులు బతుకుతుంది. నేనే చేస్తానన్నాను.

మంచులో మేత వేసేటప్పుడు వేసే ఈలే వేశాను. ఈ కాలంలో మేత వేయనని వాటికి తెలుసు. అయినా వచ్చాయి. ఎన్ని అని అడగకు. పొద్దు వాలేసరికి అయిపోయింది. మగవాటినీ అలాగే. కొమ్ములకి ఇంకా మెత్తటి తోలు ఊడలేదు. ముల్లుకొమ్మూ చేటకొమ్మూ ఒకే లారీలో ఒకదాని మీద ఒకటి వేశారు. కసాయివాడు ఆడవాటి పొదుగులు చూసి నా వంక చూశాడు.

కూనలు ఫెర్న్ పొదల్లో ఉండిపోయాయి. తల్లి పడుకోబెట్టిన చోట పడుకుని, తల్లి వచ్చి పిలిచేదాకా కదలవు. ఈ సంగతి నీకు రాయనక్కర్లేదు, అయినా రాస్తున్నాను. తెల్లారి నుంచీ వెతికాను. కుక్కని తీసుకెళ్ళాను. కొత్తకూనకి వాసన ఉండదు, కుక్క ముక్కుకీ అందలేదు. దూరంగా ఏడుపు వినిపించేది. అటు అడుగు వేస్తే ఆగిపోయేది. నేలంతా నల్లటి ఆకు కుళ్ళు, అదే నలుపు వాటి ఒంటిది. చేతులతో తడుముతూ మోకాళ్ళ మీద పాకాను. రెండో రోజు ఏడుపులు తగ్గాయి. మూడో రోజు వర్షం కురిసింది. ఆ తరువాత ఏం వినపడలేదు.

ఒక్కటే దొరికింది. దూరం నుంచే కనపడింది. ఆకుల మధ్య తెల్ల చుక్కలు.

పోయిన ఏడాదైతే దాన్ని ఏం చేసేవాణ్ణో నీకు తెలుసు. చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఇది ఆడది. రైలు గార్డుకి పాలసీసా ఇచ్చి, బుట్టలో పెట్టి నీకు పంపుతున్నాను. ఈ ఉత్తరం కంటే ముందే చేరుతుందేమో.

నన్ను క్షమించానని ఒక్క ముక్క రాయి.

జాబెజ్

---

కోల్డ్‌కూంబ్,
జులై 1940

జాబెజ్,

బతికుంది. బుట్ట విప్పేసరికి సీసా పాలపీక కొరికేసి ఉంది. నా మేకల్లో పెద్దదానికి ఈ మధ్యే పిల్ల చచ్చింది. దాని కింద పెట్టాను. మొదట తన్నింది, తరువాత నాకింది. ఇప్పుడు ఆ మేక ఎటు పోతే కూన అటు పోతోంది.

క్షమించానని రాయను. రాసేస్తే నువ్వు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అయిపోయిందనుకుంటావు. ఆ వలని ఎందుకు చుట్టేశావో నాకు అర్థమవుతుంది. నేనైతే చుట్టేదాన్ని కాదు, అదీ నిజమే. ఆ తడికల పొలం వైపు వెళ్ళాలంటే నాకు కాళ్ళు రావడం లేదు. కోపం ఉంది, చాలా ఉంది. కానీ నువ్వు ఆ ఖాళీ పార్కులో ఒక్కడివే కూర్చుని కుక్కతో మాట్లాడుతూ ఉంటావని తలుచుకుంటే అన్నం సయించడం లేదు. నాన్న పోయాక నిన్ను పెంచింది నేనే కదా.

వచ్చెయ్. ఇక్కడ కాపరిగా పని ఉంది, దొరసాని సరేనంది. నా చేతులు ఇక గొడ్డలి పట్టవు. కూనని చూసుకోవడానికి తెలిసిన మనిషి కావాలి. తిట్టడానికి నాకూ మనిషి కావాలి.

థిర్జా

---

లిన్‌హర్స్ట్,
సెప్టెంబరు 1940

అక్కకి,

ఆగస్టులోనే బయలుదేరాల్సింది. ఫెర్న్ నేల దున్నేదాకా ఉందామనుకున్నాను. ఎందుకో అడిగితే చెప్పలేను. మొన్న ట్రాక్టరు వచ్చింది. నడిపేది టౌను నుంచి వచ్చిన ఒక అమ్మాయి, బాగానే నడుపుతుంది. నాగలి వెనకే నడిచాను.

అప్పుడు కనపడ్డాయి అక్కా. చాళ్ళ పక్కన ఫెర్న్ వాలేసరికి బయటపడ్డాయి, ఎండిన తోలూ ఎముకలూను. ప్రతిదీ కాళ్ళు ముడుచుకుని, గడ్డం నేలకి ఆనించి, తల్లి ఎలా పడుకోబెట్టిందో అలాగే. ఒక్కటీ కదల్లేదు. ఒకటైతే నేను తడుముతూ పాకిన దారి పక్కనే ఉంది. చెయ్యి ఇంకొంచెం చాచి ఉంటే తగిలేది. వాటిని అంత నల్లగా చేసింది ఎవరో నీకు తెలుసు. కలుపు అని రాశాను నీకు. ఏటా ఆ తెల్లచుక్కల్ని ఏరి పారేసి, కళ్ళున్నవాడికి కనపడనివాటినే మిగుల్చుకున్నాను.

ఆ అమ్మాయి ఇంజిను ఆపి దిగింది. "ఇవేంటి?" అని అడిగింది. నాకు వాటి పేరు నోట్లోకి రాలేదు. ఇన్నేళ్ళూ అందరికీ పేర్లు దిద్దిన వాణ్ణి. పిల్లలు అన్నాను. ఆ అమ్మాయే పార తెచ్చింది. ఇద్దరం కలిసి గోడ వార పూడ్చాం. ఇవాళ అక్కడా దున్నేశారు.

శనివారం రైలుకి వస్తున్నాను. సామాను పెద్దగా లేదు, కుక్క ఉంది. బండి తేవద్దు, నడిచొస్తాను.

కాపరి పని మాత్రం వద్దు. కూన బాగుందని విన్నాను, చాలు, దాన్ని నువ్వే చూసుకో. నీ మేకలకి కూడా మనిషి కావాలి కదా, వాటిని కాస్తాను. పాలు పితకడం రాదు. నేర్పితే నేర్చుకుంటాను.

జాబెజ్